ఎలుకకు మునగాకు, శేషమ్మకు మాత్ర

మందు పెట్టినా చావని ఎలుక ఇంట్లో ఉండటం మహా అదృష్టం! నవ్వకండి. బాగా ఆలోచించి, రెండు కాఫీలు తాగి, ఆ తర్వాతే ఈ మాట రాస్తున్నాను.

చచ్చే ఎలుక వల్ల ఏం లాభమండీ? తెల్లారేసరికి బీరువా కింద నుంచి కంపు. ఎక్కడ చచ్చిందో కనిపెట్టడానికి ఇంటిల్లిపాదీ ముక్కులు మూసుకుని నేల మీద బోర్లా పడుకోవాలి. కనిపించాక దాన్ని ఎవరు తీయాలన్న దాని మీద మొగుడూ పెళ్లాలకు తగాదా. అదే చావని ఎలుక అయితే? కంపు లేదు, తగాదా లేదు. తన తిండి తాను తిని, తన పిల్లల్ని తాను కని, మర్యాదగా సంసారం చేసుకుంటుంది.

ఇక దేశానికి జరిగే మేలు సంగతి! మందు తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్లు, జిగురు అట్టలు చేసేవాళ్లు, బోన్లు చేసేవాళ్లు, ‘ఈ ఒక్క చిట్కాతో ఎలుకలు పరార్’ అని యూట్యూబ్‌లో వీడియోలు పెట్టేవాళ్లు. ఎలుకలు నిజంగానే పరారైపోతే వీళ్లంతా ఏం కావాలి? వీడియో చూసి లైక్ కొట్టే మనమేం కావాలి?

ఇంకా నమ్మకం కుదరకపోతే తోటపల్లి గూడూరు దగ్గర రంగనాయకులు గారి మేత షెడ్డుకు పదండి.

రంగనాయకులుకు నాలుగెకరాల వరి, రెండు రొయ్యల గుంటలు ఉన్నాయి. ఇంటి వెనకాల రేకుల షెడ్డు, అందులో రొయ్యల మేత బస్తాలు. ఆ బస్తాల సందుల్లో ఎలుకలు. ఎనిమిది నెలలుగా ఆయనకూ వాటికీ యుద్ధం నడుస్తోంది. ఇందులో ఇప్పటిదాకా దెబ్బతిన్నది ఒక్క రంగనాయకులు ఎడమకాలి బొటనవేలే. కర్రతో ఎలుకను కొట్టబోతే అది తప్పుకుంది, వేలు తప్పుకోలేదు.

కానీ లాభాలు చూడండి. షుగర్ ఉంది, రోజూ అరగంట నడవమని పదేళ్లుగా అందరూ చెప్పినా ఆయన వీధి చివరిదాకా కూడా బండి మీదే వెళ్లేవాడు. ఇప్పుడు రోజూ ముప్పావుగంట షెడ్డు చుట్టూ పరిగెత్తుతున్నాడు! పొట్ట తగ్గింది. పాత ప్యాంట్లు పడుతున్నాయి.

మేత నాణ్యత తెలుసుకోవడానికి ఆయన ఇప్పుడు ఏ ల్యాబుకూ వెళ్లడం లేదు. ఎలుక ముట్టని బస్తాను రొయ్య కూడా ముట్టదు. ఒకసారి కంపెనీ మనిషి వచ్చి కొత్త మేత గురించి గంటసేపు ఇంగ్లీషులో చెప్పబోతే, “ఆ బస్తా అక్కడ పెట్టిపో నాయనా, మావాళ్లు రుచి చూసి చెప్తారు,” అని పంపించేశాడు.

అన్నిటికన్నా పెద్ద లాభం దాంపత్యానిది. ముప్పై రెండేళ్లుగా ప్రతిదానికీ కీచులాడుకునే రంగనాయకులు, వెంకటశేషమ్మ దంపతులకు ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఒకే శత్రువు. ఒకరు టార్చి పట్టుకుంటే ఒకరు కర్ర పట్టుకుంటున్నారు. ఏ పురోహితుడు చేయగలడండీ ఈ పని?

అయితే మన కథ రంగనాయకులుది కాదు. శేషమ్మది.

శేషమ్మకు నాలుగేళ్ల కింద గుండెలో ఒక వాల్వు పాడైతే, తీసేసి లోహపు వాల్వు పెట్టారు. ఆ వాల్వు మీద రక్తం గడ్డ కట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. ఆపరేషన్ బాగా జరిగింది. శేషమ్మ లేచి తిరిగింది. అంతా బాగుంది అనుకుంటున్న రోజున నెల్లూరులో డాక్టరు గారు చీటీ రాస్తూ, తల ఎత్తకుండా, “ఆకుకూరలు మానెయ్యాలి,” అన్నారు.

“ఎందుకు సార్?” అని అడిగింది శేషమ్మ.

“అన్నీ మీకెందుకమ్మా? చెప్పింది చెయ్యండి,” అని డాక్టరు గారు బెల్లు కొట్టారు. తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశాడు.

అయ్యా, అమ్మా! శేషమ్మ అంటే ఎవరనుకున్నారు? ఆకు తిని పెరిగిన మనిషి. ఆమె పెరట్లో మునగచెట్టు, రెండు మడుల గోంగూర, తోటకూర, గట్టు వెంబడి పొన్నగంటాకు. సోమవారం గోంగూర ఉడికించి మెత్తగా ఎనిపితే మంగళవారం తోటకూర పులుసు, బుధవారం మునగాకు పొడి. పుట్టింటి నుంచి పట్టుచీర వస్తే ‘బాగుందమ్మా’ అని ఊరుకునే మనిషి, గోంగూర కట్ట వస్తే లేచి నిలబడి అందుకునేది.

అలాంటిది నాలుగేళ్లుగా ఒక్క ఆకు లేదు. ఆమె నగలు అడగలేదు, కాశీ అడగలేదు. వేడన్నంలో గోంగూర కలుపుకుని, నంజుకోవడానికి ఒక పచ్చి ఉల్లిపాయ. అంతే ఆమెకున్న కోరిక! ఆ మాట ఎత్తితే చాలు, రంగనాయకులు ఎక్కడున్నా “శేషా, నీ గుండె!” అని కేక పెట్టేవాడు. ఒకరోజు మధ్యాహ్నం గోంగూర మడి దగ్గర కూర్చుని ఆమె నిజంగానే ఏడ్చింది. ఎవరో అడిగితే కంట్లో నలుసు పడిందని చెప్పింది.

డాక్టరు గారిది తప్పని నేను అనను. తొంభై మంది పేషెంట్లున్న మనిషి, ఒక్కొక్కరికీ ‘ఎందుకు’ అనేది చెప్పుకుంటూ కూర్చుంటే ఏమవుతుంది? వాళ్లకు అర్థమైపోతుంది! అర్థమైతే ఇంకో ప్రశ్న వేస్తారు. ఒకసారి జనం ప్రశ్నలు వేయడం మొదలుపెడితే ఆస్పత్రిలో ఆగుతారా? తాసిల్దారు ఆఫీసులో వేస్తారు, కరెంటు ఆఫీసులో వేస్తారు. అడక్కుండా తలూపడంలో ఉన్న ప్రశాంతత అడిగి తెలుసుకోవడంలో ఉండదండీ.

సరే, శేషమ్మ తినదు. కానీ పెరట్లో ఆకు కాయడం మానదు కదా! కోస్తే ఎవరు తింటారు? రంగనాయకులు ‘నువ్వు తినంది నాకొద్దు’ అని నాలుగేళ్ల కింద ఒట్టు పెట్టుకున్నాడు. తొందరపడ్డానని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు గానీ ఒట్టు ఒట్టే. చుట్టుపక్కల వాళ్లకు పంచగా మిగిలిన ఆకును పారేయడానికి శేషమ్మకు చేతులు రావు. ఆకును చెత్తలో వేస్తే లక్ష్మి ఇల్లు వదిలిపోతుందని ఆమె నమ్మకం.

సరిగ్గా ఆ సమయంలో పెంచలకృష్ణ రంగంలోకి దిగాడు. ఊళ్లో పురుగుమందుల కొట్టు అతనిదే.

“కొత్త సరుకన్నా! ఇది తింటే ఎలక అప్పటికప్పుడు చావదు. నాలుగు రోజులకి, దానికే తెలవకుండా చస్తాది. మిగతా ఎలకలకి అనుమానం కూడా రాదు,” అన్నాడు రంగనాయకులుతో.

“అనుమానం నాకొస్తా ఉండాది గదరా,” అన్నాడు రంగనాయకులు. కానీ తీసుకున్నాడు.

కలిపే విధానం ప్యాకెట్ మీద ఉంది. నూకలు, కాస్త నూనె, మందు. ఎందుకు అలాగే కలపాలో మాత్రం దాని మీద లేదు. పెంచలకృష్ణ కూడా చెప్పలేదు. కలిపే పని శేషమ్మకు పడింది. ఇంట్లో ఏది కలపాల్సి వచ్చినా ఆమే కలుపుతుంది కాబట్టి రంగనాయకులు రెండో ఆలోచన చేయలేదు.

చేతులకు కవర్లు తొడుక్కుని, పగిలిన బకెట్లో, పెరటి మూలన కూర్చుని శేషమ్మ నూకలు కలిపింది. కలిపి చూస్తే తెల్లగా, చప్పగా, దిక్కులేని తిండిలా ఉంది. ఆమె మనసు ఒప్పుకోలేదు.

అవును మరి! ఆమె చేతి మీదుగా ఏ ప్రాణికీ చప్పటి ముద్ద వెళ్లలేదు ఈ అరవై ఏళ్లలో. బర్రెకు పెట్టే కుడితిలో కూడా చిటికెడు ఉప్పు వేస్తుంది. పైగా ఇది ఎలుకలకు ఆఖరి ముద్ద! పోయేవాళ్లకు ఇష్టమైనది పెట్టి పంపడం మన ఆచారం కాదూ? చంపితే చంపాం, చప్పటి కూడు పెట్టి చంపామన్న అప్రతిష్ఠ ఎందుకని, పెరట్లో ఎండిన మునగాకు రెండు గుప్పిళ్లు పొడి చేసి కలిపింది. అప్పుడే కోసిన గోంగూర సన్నగా తరిగి పైన చల్లింది. ఇంకా తృప్తి కలగక, పోపు గరిటెలో వెల్లుల్లి వేయించి తెచ్చి, గరిటె బకెట్‌కు తగలకుండా పైనుంచి వంచింది.

తెల్లారి చూస్తే షెడ్డులో పెట్టిన పళ్లాలు ఖాళీ! ఒక్క నూక మిగల్లేదు. శేషమ్మకు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది. నాలుగేళ్ల తర్వాత ఆమె వండిన ఆకును ఎవరో పళ్లెం నాకి మరీ తిన్నారు.

నాలుగు రోజులైంది. ఒక్క ఎలుకా చావలేదు. వారమైంది. చావలేదు సరికదా, నున్నగా తయారయ్యాయి. వెంట్రుకలు మెరుస్తున్నాయి. ఒకటి పట్టపగలే గడప మీద కూర్చుని మీసాలు దువ్వుకుంటూ రంగనాయకుల్ని తేరిపార చూసింది.

రంగనాయకులు కొట్టుకు పరిగెత్తాడు. “ఏందిరా పెంచలకృష్ణా, నువ్విచ్చింది మందా, బలం టానిక్కా? ఎలకలు నాకంటే కళగా ఉండాయి!”

“ఎలకలు ముదిరిపోయినాయన్నా. ఇంకో రకం తీసకపో. ఇది ఇంకా గట్టిది.”

అలా మూడు రకాలు మారాయి. మూడింటిలోనూ శేషమ్మ మునగాకు మాత్రం మారలేదు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకునే దాకా రాలేదు గానీ, షెడ్డును పడగొట్టి మళ్లీ కట్టిద్దామా అని రంగనాయకులు ఆలోచనలో పడ్డాడు.

ఆ స్థితిలో శేషమ్మ తమ్ముడి కూతురు ప్రత్యూష వచ్చింది. నెల్లూరులో ఎమ్మెస్సీ చదువుతోంది. ప్రాజెక్టు రాసుకోవడానికి ప్రశాంతంగా ఉంటుందని మేనత్త ఇంటికి వచ్చింది. ఆ ప్రాజెక్టు దేని మీదనుకుంటున్నారు? ఎలుకలో ఒక జన్యువు, అది ఏ ప్రొటీన్‌ను తయారుచేస్తుంది, ఆ ప్రొటీన్ కణంలో ఎక్కడుంటుంది, అక్కడ ఏం పని చేస్తుంది అన్న దాని మీద! నలభై పేజీలు. అన్నీ ఇంటర్నెట్‌లోంచి తీసినవే. ఆ పిల్ల ప్రాణంతో ఉన్న ఎలుకను దగ్గర నుంచి చూసింది ఆ రోజే. చూసిన వెంటనే లాప్‌టాప్‌తో సహా మంచం ఎక్కి నిలబడింది.

“అత్తా! ఎలకత్తా! ఎలక!”

“నీ పరీక్షే దాని మీద గదే! దిగి పలకరించు,” అంది శేషమ్మ.

“నేను రాసింది దాని లోపలుండే దాని గురించి. బయటుండే దాని గురించి కాదు!”

దిగలేదు. మంచం మీద నిలబడే, అత్త బకెట్లో కలుపుతున్నదాన్ని చూసింది. “ఏందత్తా అది? పచ్చగా ఉండాదే?”

“ఎలకల మందు. మునగాకు ఏసినా, రుచికి.”

ప్రత్యూష బకెట్‌నూ అత్తనూ మార్చి మార్చి చూసింది. తర్వాత కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి మంచం మీద దొర్లింది. రంగనాయకులు కంగారుపడి కర్ర పట్టుకుని వచ్చాడు.

“నవ్వుతా ఉండావా, పిచ్చి పట్టిందా? ఏందో చెప్పి నవ్వు,” అంది శేషమ్మ.

పాఠకులారా, ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. కొండను తవ్వి ఎలుకను పట్టారని మనం ఇన్నాళ్లూ ఎగతాళి చేశాం. ఎలుకను తవ్వితే కొండంత బయటపడుతుందని మనకు ఎవరూ చెప్పలేదు.

“ఎలక ఒకటో క్రోమోజోము మీద వీకార్క్ వన్ అని ఒక జన్యువు ఉంటుందత్తా,” అని మొదలుపెట్టింది ప్రత్యూష. “ఒంటికి దెబ్బ తగిలితే రక్తం గడ్డ కట్టాల గదా. అట్టా కట్టడానికి కావాల్సిన సరుకు కాలేయంలో తయారవుతుంది. దానికి విటమిన్ కె కావాల. కానీ ఒకసారి వాడితే ఆ విటమిన్ చెడిపోతుంది. ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్, కణం లోపల మడతలు మడతలుగా ఒక పొర ఉంటుంది, అందులో కూర్చుని, చెడిపోయిన విటమిన్‌ను మళ్లీ బాగుచేసి పంపిస్తుంది.”

శేషమ్మ బకెట్ పక్కన పెట్టింది. “అంటే పెళ్లిలో గిన్నెలు కడిగే మనిషి అన్నమాట. పంక్తి లేచినాక ఎంగిలి గిన్నెలు కడిగి మళ్లీ లోపలికి పంపిస్తాది.”

ప్రత్యూష నోరు తెరిచింది. నలభై పేజీల్లో ఆ పిల్ల ఇంత తేలిగ్గా ఎక్కడా రాయలేదు. “అంతే అత్తా! ఇప్పుడు ఈ ఎలకల మందు ఏం చేస్తుందంటే...”

“ఆమె చేతులు కట్టేస్తాది,” అంది శేషమ్మ.

“కట్టేస్తుంది. గిన్నెలు అయిపోతాయి, భోజనాలు ఆగిపోతాయి. రక్తం గడ్డ కట్టదు. ఎలక లోపల్లోపలే రక్తం కారి నాలుగు రోజులకు చస్తుంది.”

“మరి మావి చావలేదే?” అన్నాడు రంగనాయకులు.

“మునగాకు నిండా విటమిన్ కె ఉంటుంది మామా. గోంగూరలో కూడా.”

శేషమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. “ఓరి దేవుడా! కొత్త ఇస్తరాకులు! ఒకపక్క గిన్నెలు కడిగేదాని చేతులు కట్టేసి, ఇంకోపక్క నేనే కట్టలు కట్టలు ఇస్తరాకులు పంపిస్తా ఉండా! ఇంక భోజనాలు ఎందుకు ఆగతాయి?”

ఎనిమిది నెలల యుద్ధంలో శత్రువుకు అన్నం పెడుతున్నది ఎవరో రంగనాయకులుకు అప్పుడు తెలిసింది. ఆయన కర్రను గోడకు చేరేసి కూర్చున్నాడు.

“మునగాకు ఒక్కటే కారణం అని చెప్పలేం మామా,” అంది ప్రత్యూష, చదువుకున్నవాళ్లు ఏదీ పూర్తిగా చెప్పరు కాబట్టి. “రొయ్యల మేతలో కూడా ఆ విటమిన్ కలుపుతారు, ఎలకలు రోజూ తినేది అదే గదా. లేదంటే జన్యువే మారిపోయి ఉండచ్చు. కొన్ని దేశాల్లో ఎలకలకి అట్టా మారింది. గిన్నెలు కడిగే ఆమె చేతులకి ఆ కట్లు పట్టవు. అది తెలవాలంటే ఎలకకి పరీక్ష చెయ్యాల.”

“ఎలకకి కూడా పరీక్షలుండాయా?” అంది శేషమ్మ. తర్వాత ఏదో తట్టినట్టు ఆగింది. “ఏమే, మందుకి ఆకుకూర పడదన్నావు గదా. నాకూ డాక్టరు అదే చెప్పినాడు. ఆకుకూర వద్దని.”

“నీ మాత్ర చూపించత్తా.”

శేషమ్మ లోపలికి వెళ్లి మాత్రల అట్ట తెచ్చి ఇచ్చింది. ప్రత్యూష దాని మీద పేరు చదివింది. నవ్వు మొహం మీంచి మెల్లగా దిగిపోయింది.

“చెప్పు,” అంది శేషమ్మ.

“అత్తా, నువ్వు కంగారుపడకూడదు. ఈ జన్యువు మనుషుల్లో కూడా ఉంది. నీ మాత్ర కూడా దాని చేతులే కడుతుంది. ఇదీ, ఎలకల మందూ... ఒక కుటుంబం.”

శేషమ్మ మెల్లగా తల తిప్పి మొగుడి వైపు చూసింది.

“నన్ను చూస్తావేందే! రాసింది డాక్టరు!” అని రంగనాయకులు లేచి రెండడుగులు వెనక్కి వేశాడు.

“నాలుగేళ్లు! నాలుగేళ్లుగా రోజూ చేత్తో అందించినావు గదయ్యా, మంచినీళ్లతో సహా!”

ఆమెను శాంతింపజేయడానికి ప్రత్యూషకు గంట పట్టింది. ఎలుకకు పెట్టేది చేతులు పూర్తిగా కట్టేయడానికి. అత్తకు ఇచ్చేది కాస్త వదులుగా కట్టడానికి, వాల్వు మీద రక్తం గడ్డ కట్టకుండా ఉండేంత వరకే. ఎక్కువ కడితే రక్తం కారుతుంది, తక్కువ కడితే గడ్డ కడుతుంది. అందుకే నెలనెలా ఆమెకు రక్తపరీక్ష. మాత్ర మానేస్తే ప్రాణానికే ముప్పు. ఈ నాలుగేళ్లూ ఆమెను బతికించింది ఆ మాత్రే.

శేషమ్మ అన్నీ విన్నది. కన్నీళ్లు తుడుచుకుంది. తర్వాత అడిగిన ప్రశ్న, నా ఉద్దేశంలో, ఆ నలభై పేజీలకంటే గొప్పది.

“మరి నేను రోజూ ఒకే లెక్కన నాలుగు ఇస్తరాకులు పంపిస్తాననుకో. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కాకుండా. దానికి తగ్గట్టు ఆ డాక్టరు కట్టు బిగించచ్చు గదా? మొత్తానికే మానడం దేనికి?”

“అవునత్తా. నేను చదివిన వాటిలో కూడా అట్నే ఉండాది. మొత్తం మానమనరు, రోజూ ఒకే కొలత తినమంటారు. ఒకరోజు కుండెడు తిని వారం మానేస్తేనే ప్రమాదం. కానీ నీ అంతట నువ్వు మొదలుపెట్టబాకు. డాక్టర్ని అడిగి, పరీక్ష చేయించుకుని, అప్పుడు.”

మర్నాడు పొద్దున్నే శేషమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని నెల్లూరు బయల్దేరింది. మూడు గంటలు బెంచీ మీద కూర్చుంది. లోపలికి వెళ్లాక, డాక్టరు గారు చీటీ మీద నుంచి తల ఎత్తక ముందే అడిగేసింది.

“సార్, రోజూ ఒకే కొలత గోంగూర తింటాను. పరీక్ష చూసి మాత్ర సర్దుతారా?”

డాక్టరు గారు నాలుగేళ్లలో మొదటిసారి తల ఎత్తి శేషమ్మ మొహం చూశారు. ఆయన మంచివాడే. కళ్ల కింద నల్లటి వలయాలు, టేబుల్ మీద ఎప్పుడో చల్లారిపోయిన టీ. “సర్దొచ్చు. రోజూ చిన్న గిన్నెడు, అంతే. మొదట్లో వారం వారం పరీక్షకి రావాలి. తప్పకుండా వస్తారా?”

“వస్తాను సార్.”

“సరే, తినండి.”

శేషమ్మ లేవలేదు. గుండెలోని లోహపు వాల్వు టిక్కు టిక్కుమంటున్నది ఆమెకే వినబడుతోంది. “నాలుగేళ్ల కింద కూడా ఇట్టా తినొచ్చా సార్?”

ఆయన కలం కింద పెట్టాడు. “తినొచ్చు.”

“మరి ఎందుకు చెప్పలేదు సార్? నేను అడిగినాను గదా.”

“ఇదంతా అప్పుడు చెప్తే మీకు అర్థమయ్యేదామ్మా?”

“పెళ్లిలో గిన్నెలు కడగడం నాకు తెలవదా సార్?” అంది శేషమ్మ.

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఎందుకని అడగబోయాడు కూడా. కానీ అలవాటుగా చెయ్యి బెల్లు మీదికి వెళ్లిపోయింది, తర్వాతి పేషెంటు వచ్చేశాడు.

ఆ రోజే పరీక్ష చేయించుకుని, ఇక వారం వారం చూసి మాత్ర సర్దుతారన్న భరోసాతో శేషమ్మ గోంగూర ఎనిపింది. రంగనాయకులు ఒట్టు తీరిపోయిన ఆనందంలో మూడుసార్లు మారు వడ్డించుకున్నాడు. శేషమ్మకు మాత్రం కొలిచిన చిన్న గిన్నె. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆమె చాలాసేపు నమల్లేదు, అట్లాగే పెట్టుకుని కూర్చుంది. ఈసారి కంట్లో నలుసు పడిందని ఎవరికీ చెప్పలేదు.

ఇక ఎలుకల మందులో మునగాకు ఆగిపోయింది. మేత మూతలున్న డ్రమ్ముల్లోకి మారింది. ఎలుకలు తగ్గుముఖం పట్టాయి. రంగనాయకులు పొట్ట మళ్లీ పెరుగుతోంది, ప్యాంట్లు బిగుతయ్యాయి, దంపతులు మళ్లీ కీచులాడుకుంటున్నారు. పెంచలకృష్ణ కొట్టులో ఈగలు తోలుకుంటున్నాడు. చెప్పాను కదా, చావని ఎలుక అదృష్టమని! వింటేగా.

అందుకే నా సలహా ఒకటే. నాలుగేళ్లు ఒక ఇల్లాలు ఎదురుచూసిన జవాబు ప్రపంచంలో ఎక్కడా దాచిపెట్టి లేదు. శుభ్రంగా, బొమ్మలతో సహా, అందరూ చూసేచోటే ఉంది. కాకపోతే అది ఎలుక పేరు మీద ఉంది. ఎలుక ఒంట్లో ఏ జన్యువు ఏ ప్రొటీన్‌ను చేస్తుంది, అది కణంలో ఏ మూల కూర్చుంటుంది, ఏ మందు దాన్ని ఎలా పట్టుకుంటుంది, ఏం తింటే వదిలేస్తుంది అన్నది పెద్ద పెద్దవాళ్లు ఓపిగ్గా కూర్చుని రాశారు.

కాబట్టి ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఓపీ చీటీలో పేరు దగ్గర ‘ఎలుక’ అని రాయించండి. వయసు, ఏడాదిన్నర. చిరునామా, మేత షెడ్డు. మీకు ఏ మందు ఎందుకు ఇస్తున్నారో ఒక్కటీ వదలకుండా విడమరిచి చెప్తారు. పొరపాటున కూడా మనిషినని మాత్రం చెప్పుకోకండి. మనుషులైతే బయట ఇంకా తొంభై మంది ఉన్నారు.